షెవ్‌కెఫ్జా: సుల్తాను అంతఃపురమున ఒక సర్కేషియా స్త్రీ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



అంతఃపురమను మాట వినగానే మన మనస్సున ఒక చిత్రము మెదలును. పాలరాతి కొలను, పన్నీటి వాసన, దిండ్ల నానుకొని కూర్చున్న సుందరీమణులు, హుక్కా త్రాగుచున్న సుల్తాను. ఈ చిత్రమును గీచినవారు చాలవరకు ఐరోపా చిత్రకారులు. వారిలో పెక్కురు ఆ ద్వారము దాటినవారు కారు. పరపురుషుడు దాటుటకు వీలులేని గడప అది. చూచినదానిని వ్రాయువానికి కట్టుబాట్లుండును గాని, చూడనిదానిని వ్రాయువానికి అడ్డేమున్నది? ఆ పైని నవలలును, సినిమాలును వచ్చి ఆ చిత్రమునకే మరింత రంగు పూసినవి.

అయితే ఇస్తాంబూలు అంతఃపురమునకు వేరొక సాక్ష్యము గలదు. జీతముల పట్టీలు, వస్త్రముల లెక్కలు, వంటశాల ఖర్చులు, అక్కడ బ్రతికిన స్త్రీలు ముసలితనమున చెప్పుకొన్న జ్ఞాపకములు. వీనిని చదివినవారికి ఆ గృహము విలాసమందిరముగా గాక, పెద్దదొక కచేరిగా కనిపించును. కచేరి యన్న తరువాత హోదాలుండును, పదోన్నతులుండును, జీతపు తేడాలుండును, పై అధికారి కోపతాపములుండును. 16వ శతాబ్దిలో సులేమాను సుల్తాను భార్య హుర్రెమునకు రోజు వేతనము 2,000 అక్చెలు. అదే ఇంటిలో అప్పుడే చేరిన పిల్లకు దినమునకు చేతివ్రేళ్లపై లెక్కింపదగినన్ని అక్చెలు. ఒకే కప్పు క్రింద అంత వ్యత్యాసము.

ఆ కచేరిలో అట్టడుగు మెట్టున చేరి, పై మెట్టు వరకు ఎక్కి, 93 దినములలో జారిపడిన ఒక స్త్రీ కథ నేటి ప్రసంగ విషయము. ఆమె పేరు షెవ్‌కెఫ్జా. ఎక్కడి ఇస్తాంబూలు, ఎక్కడి మక్తల్ అని సభాసదులు శంకింపవచ్చును. ఆమె సంతతిలోని ఒక స్త్రీ మన హైదరాబాదునకు కోడలుగా వచ్చినది. ఆ స్త్రీ పేరు ఈ సభలో ఉన్న ప్రతి తల్లికిని తెలిసినదే. దానిని సమయము వచ్చినపుడు చెప్పుకొందము.

ముందుగా సర్కేషియా ఎక్కడిదో తెలియవలెను. నల్లసముద్రమునకు తూర్పున, కాకసస్ పర్వతముల ఉత్తరపు వాలులందును, సముద్రతీరమునను నివసించిన జనులు వారు. తమ్ము తాము అదిగే అని చెప్పుకొందురు. తురుష్కులు చెర్కెస్ అందురు. తురుష్కుల వాడుకలో ఇరుగుపొరుగు కొండజాతులకును ఆ పేరే చెల్లుచుండెను. గుఱ్ఱపుస్వారీలోను, అతిథిమర్యాదలోను పేరు పొందినవారు. స్త్రీలు అందగత్తెలని లోకమున ప్రసిద్ధి. ఆ ప్రసిద్ధియే వారి పాలిట శాపమయ్యెను. తీరములో ఓడలు ఆగును, దళారులు దిగుదురు, పిల్లలను కొని ఇస్తాంబూలునకు చేర్తురు. కొందరిని యుద్ధములలోను, దోపిడిలోను పట్టి తెచ్చిరి. కొందరిని కన్న తల్లిదండ్రులే ఇచ్చిరి. సర్కేషియాలో కొన్ని కుటుంబములు పుట్టుకతోనే బానిస కుటుంబములు. వారి పిల్లలపై దొరకు హక్కు. మరికొందరు, కొండమీద జొన్నరొట్టె కంటె కోటలోని పళ్లెము మేలని నమ్మి పంపిరి. కరవు కాలమున పిల్లలను అమ్ముకొన్న తల్లుల గాథలు మన దేశమునకును కొత్తవి కావు గనుక, ఆ తల్లిదండ్రులను తూలనాడుటకు నోరు రాదు. అయినను, అమ్మినది అమ్మినదే.

1864లో రష్యా చక్రవర్తి సేనలు సర్కేషియాను పూర్తిగా జయించినవి. లక్షలకొలది జనులు స్వస్థలములు విడిచి ఓడలెక్కి తురుష్క రాజ్యమునకు పారిపోయిరి. దారిలో ఆకలి, రోగము, సముద్రము వేలకొలదిని మ్రింగినవి. అంతవరకు దూరదేశమునుండి వచ్చుచుండిన పిల్లలు అటుపిమ్మట తురుష్క రాజ్యములోని కాందిశీకుల పల్లెలనుండియే రాసాగిరి. వింత యేమనగా, ఇస్తాంబూలులోని బానిసల బజారును సుల్తాను అబ్దుల్ మజీదే 1847లో మూయించెను. 1857లో ఆఫ్రికా బానిసల వ్యాపారమునకు నిషేధము వచ్చెను. సర్కేషియా పిల్లల క్రయవిక్రయము మాత్రము ఇండ్లలో గుట్టుగా సాగుచుండెను. నిషేధము వ్రాసిన చేతులే అంతఃపురమునకు పిల్లలను స్వీకరించుచుండగా ఆ నిషేధమునకు ఎంత బలముండును?

అంతఃపురమున చేరిన పిల్లకు మొదట జరుగునది పేరు మార్పు. తల్లి పెట్టిన పేరు ద్వారము వెలుపలనే నిలిచిపోవును. పారశీక భాషలో ఒక అందమైన పేరు పెట్టుదురు. అందరికి గుర్తుండుటకై కొత్త పేరును కాగితముపై వ్రాసి రొమ్మున గ్రుచ్చెడివారని ఆ గృహము నెరిగిన స్త్రీలు చెప్పిరి. ఉర్దూ చెవిన పడిన తెలంగాణము వారికి ఆ పేర్ల అర్థము కష్టము కాదు. శౌఖు అను మాట మనకు నిత్యవ్యవహారమే. రూహ్ అఫ్జా షర్బత్తు ఎండాకాలమున ప్రతి యింటికిని వచ్చునదే. ఆ శౌఖును, ఆ అఫ్జాయును కలిసినచో షెవ్‌కెఫ్జా, అనగా ఉల్లాసమును పెంపొందించునది. తిరిముజ్గాన్ అనగా బాణముల వంటి కనురెప్పలు గలది. ఎవరి ఉల్లాసము, ఎవరికి తగులు బాణము అన్న ప్రశ్నకు జవాబు పేరులోనే యున్నది. పేరు పెట్టినవారు ఆ పిల్ల వైపునుండి కాక, ఆమెను చూచువాని వైపునుండి పెట్టిరి.

ఇంతకంటె మనస్సును కలచు విషయము మరొకటి. పేరు వ్రాసినచోట తండ్రి పేరు వ్రాయుట అన్ని దేశముల దస్తావేజులలోను ఆచారము. మన పహాణీలో గాని, రసీదులో గాని ఆ గడి ఖాళీగా ఉండరాదు. బానిసగా వచ్చి ఇస్లాము స్వీకరించిన స్త్రీకి తండ్రి పేరు ఏమని వ్రాయుదురు? తురుష్క దస్తావేజులలో "అబ్దుల్లా కుమార్తె" అని వ్రాయుట వాడుక. అబ్దుల్లా యనగా దేవుని దాసుడు. ప్రతి మనుష్యుడును దేవుని దాసుడే గనుక లెక్క తప్పు కాదు. కాని వరుసగా ఆ పుట తిరుగవేయువానికి ఒకే తండ్రికి వేలకొలది కుమార్తెలు కనిపింతురు. గడి నిండినది, తండ్రి లేడు.

తరువాత శిక్షణ. ఖురాను పఠనము, తురుష్క భాష, కుట్టుపని, వడ్డన, నడక, మాట తీరు. రుచి గలవారికి సంగీతము, నృత్యము. అధికసంఖ్యాకులు జీవితమంతయు పరిచారికలుగనే ఉండి, సుల్తానును దూరమునుండి తప్ప చూడకయే, తొమ్మిది సంవత్సరముల సేవ పిదప విడుదల పత్రము పొంది, వరకట్నముతో ఏ ఉద్యోగికో భార్యలై వెళ్లిపోవుచుండిరి. ఇది సినిమాలలో కనిపింపదు. సుల్తాను దృష్టిలో పడినవారు కొందరే. వారిలో ఇక్బాల్ అను హోదా, దానిపై కాదిన్ అను హోదా. కాదినులు సాధారణముగా నలుగురు; ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరుస. అందరికంటె పైన వాలిదే సుల్తాన్, అనగా రాజమాత. రాజునకు భార్యలు మారుదురు, తల్లి మారదు గనుక అధికారమంతయు ఆమె చేతిదే.

ఇచ్చట మన పురాణముల నొకసారి స్మరించుట అవసరము. వృషపర్వుని కూతురు శర్మిష్ఠ దేవయానికి దాసియై యయాతి యింట ప్రవేశించెను. ఆ దాసి కన్న కడగొట్టు కొడుకు పూరుడే రాజ్యమునకు వచ్చి పౌరవవంశకర్త యయ్యెను. అదే వంశమున కొన్ని తరముల పిమ్మట మరియొక దాసికి విదురుడు పుట్టెను. ధర్మమూర్తి యయ్యును దాసీపుత్రుడన్న కారణమున అతనికి సింహాసనము దక్కలేదు. మన కథలలో శర్మిష్ఠ కొడుకు అపవాదము, విదురుడు నియమము. తురుష్క రాజవంశమున నియమమే తారుమారు. అక్కడ శతాబ్దములపాటు సుల్తానులందరును దాసీపుత్రులే. ఇస్లాము ధర్మశాస్త్రము ప్రకారము యజమానికి పుట్టిన బిడ్డ స్వతంత్రుడు, ఔరసునితో సమానుడు. బిడ్డను కన్న దాసిని అటుపైని అమ్మరాదు. యజమాని మరణముతో ఆమెకు విడుదల. గొప్ప వంశపు రాచకన్యను పెండ్లాడినచో బావమరదులు, మామలు వచ్చి రాజ్యమున తల దూర్తురని, దిక్కులేని పిల్లల ద్వారా వంశము నిలుపుకొనుట ఆ రాజుల నీతి. పుట్టింటివారు లేకపోవుటయే ఆ పిల్లలకు అర్హత.

అందుచేత ఆ స్త్రీకి ఆస్తి యన్నను, బంధువర్గమన్నను, భవిష్యత్తన్నను ఒక్కటే. కొడుకు. కొడుకు పుట్టవలెను, బ్రతుకవలెను, అతనికంటె పెద్దవారందరి వంతు గడచి అతని వంతు రావలెను. సింహాసనము వంశములో వయస్సున పెద్దవానికి పోవు ఆచారము స్థిరపడుటచే తల్లులు దశాబ్దములపాటు నిరీక్షించుచుండిరి.

షెవ్‌కెఫ్జా కాకసస్ ప్రాంతమునుండి వచ్చిన పిల్ల. 1839 జులైలో 16 ఏండ్ల అబ్దుల్ మజీదు సుల్తాను కాగా, ఆమె ఆ సంవత్సరముననే అతని భార్యల వరుసలో చేరెను. 1840 సెప్టెంబరు 21న ఆమెకు కొడుకు పుట్టెను. సుల్తానునకు అతడే తొలి కొమరుడు. మురాదని పేరిడిరి. రెండేండ్లకు, 1842లో, తిరిముజ్గాన్ అను మరియొక సర్కేషియా కాదినునకు అబ్దుల్ హమీదు పుట్టెను. ఈ ఇద్దరు తల్లుల కొడుకుల మధ్యనే కథ యంతయు నడచినది.

అబ్దుల్ మజీదునకు నలుబది మందికి పైగా సంతానము. చాలమంది పసితనముననే గతించిరి. క్షయ ఆ యింటిని వదలలేదు. తిరిముజ్గాన్ 1852లో మరణించెను. అబ్దుల్ హమీదు పదేండ్ల పిల్లవాడు. బిడ్డలు లేని పెరెస్తూ అను మరియొక సర్కేషియా భార్యకు సుల్తాను ఆ పిల్లవానిని అప్పగించెను. కొడుకు లేనిది గనుక ఆ అంతఃపురపు లెక్కలో పెరెస్తూకు భవిష్యత్తు లేనట్లే. చివరకు జరిగినది వేరు.

1861లో అబ్దుల్ మజీదు 38వ ఏట కన్ను మూసెను. సింహాసనము తమ్ముడు అబ్దుల్ అజీజునకు పోయెను. షెవ్‌కెఫ్జా 15 ఏండ్లు నిరీక్షించెను. మురాదు చదువరి, సంగీతప్రియుడు. పియానో వాయించును, పాశ్చాత్య పద్ధతిలో స్వరరచన చేయును. 1867లో పినతండ్రితో కూడ పారిసు, లండను నగరములు చూచి వచ్చెను. రాజ్యాంగము కావలెనన్న యువకులు అతనిపై ఆశ పెట్టుకొనిరి. అందుచేతనే పినతండ్రికి అనుమానము, నిఘా, కట్టుబాటు. ఆ ఆందోళనలో మురాదు మద్యపానమునకు అలవడెను.

1876 మే 30వ తేది తెల్లవారకముందే మంత్రులును, సేనానులును కలిసి అబ్దుల్ అజీజును దించి మురాదును సుల్తానుగా ప్రకటించిరి. కాగితముపై పేరు గ్రుచ్చుకొని వచ్చిన పిల్ల, 37 సంవత్సరములు గడచిన పిమ్మట, రాజమాత యయ్యెను. అంతఃపురమున ఇంతకంటె ఎక్కుటకు మెట్టు లేదు.

ఆ తెల్లవారుజామున మరియొక సర్కేషియా భార్యకు జరిగినదానిని చెప్పక ముందుకు పోరాదు. దించబడిన సుల్తాను పరివారమును వానలో పడవలలో ఎక్కించి తరలించిరి. అబ్దుల్ అజీజు భార్య నెషెరెక్ అప్పటికే అస్వస్థురాలు. నగలు దాచినదన్న అనుమానముతో ఆమె కప్పుకొన్న శాలువను సైతము లాగివేసిరని చెప్పుదురు. జూన్ 4న అబ్దుల్ అజీజు మణికట్టు నరములు తెగి మరణించియుండెను. ఆత్మహత్యయా, హత్యయా అన్న వాదము నేటికిని తెగలేదు. ఒక వారమునకు, జూన్ 11న, నెషెరెక్ మరణించెను. ఈమెకు మాత్రము పుట్టినింటివాడొకడుండెను. తమ్ముడు హసన్, సైన్యమున కాప్టెను. అతడు జూన్ 15 రాత్రి మంత్రులు సమావేశమైన యింట ప్రవేశించి యుద్ధమంత్రి హుసేన్ అవ్నీ పాషాను, విదేశాంగమంత్రి రషీద్ పాషాను కాల్చి చంపెను. వెంటనే అతనిని ఉరితీసిరి. దిక్కులేని స్త్రీలనే కోరి తెచ్చుకొన్న రాజనీతికి, దిక్కున్న ఒక్క స్త్రీ విషయమున తగిలిన దెబ్బ ఇది. చంపుట న్యాయమని ఎవరు చెప్పగలరు? కాని ఆ ఒక్కనాడైనను అంతఃపుర స్త్రీ ఒకతె ఎవరికో అక్క యని లోకమునకు తెలిసెను.

ఈ వరుస దెబ్బలకు మురాదు మనస్సు చెదరెను. పినతండ్రి నెత్తురు, మంత్రుల నెత్తురు అతని కన్నుల ఎదుటనుండి తొలగలేదు. ఖడ్గధారణోత్సవము జరుగలేదు, జనులకు దర్శనమియ్యలేదు. వైద్యులను పిలిచిరి, విదేశమునుండియు పిలిచిరి. రోగము తగ్గువరకు ఎట్లో దాచి నెట్టుకొని రావలెనని తల్లి తపన. రాజ్యము ఆగునా? ఆగస్టు 31న మురాదును దించి తమ్ముడు అబ్దుల్ హమీదును కూర్చుండబెట్టిరి. మొత్తము 93 దినములు. షెవ్‌కెఫ్జా రాజమాత పదవియు అంతే.

కొత్త సుల్తానునకు కన్నతల్లి లేదు. పెంచిన పెరెస్తూను అతడు రాజమాతగా ప్రకటించెను. రాచకార్యములలో మాత్రము జోక్యము వలదని మొదటనే చెప్పెను. ఆమె దానికి కట్టుబడి 1904లో మరణించువరకు ఆ స్థానమున గౌరవముగా నుండెను. తురుష్క రాజవంశమున చివరి రాజమాత ఆమెయే. కొడుకును కన్నవారు ఒకతె యౌవనమున పోయెను, ఒకతె చెరలో పడెను. కననిది తల్లి పీఠమున కూర్చుండెను. అంతఃపురపు గణితము అంత నిక్కచ్చిది కాదనుటకు ఇంతకు మించిన నిదర్శనము వలదు.

మురాదును, తల్లిని, భార్యలను, బిడ్డలను, పరిచారికలను బాస్ఫరస్ ఒడ్డున గల చిరాగాన్ అను మందిరమునకు తరలించిరి. చిరాగులను మాట మనకు తెలియును. దీపముల మందిరము. సముద్రముపై పడు దాని పాలరాతి శోభను చూచి ఓడలలో పోవువారు మెచ్చుకొనుచుండిరి. లోపలివారికి అది 28 సంవత్సరముల కారాగృహమయ్యెను. ద్వారముల వద్ద కావలి. ఉత్తరములు లేవు, అతిథులు లేరు, వార్తాపత్రికలు లేవు.

ఆ చెరలో నున్న ఫిలిజ్‌తెన్ అను స్త్రీ జ్ఞాపకములు మిగిలియున్నవి. ఆమెయు సర్కేషియా పిల్లయే. యౌవనారంభమున మురాదు పరివారమున చేరి, ఆ 28 ఏండ్లును లోపలనే గడపెను. ముదిమిలో ఒక పత్రికారచయితకు తన కథ చెప్పెను. బయట యౌవనమున ప్రవేశించి నడివయస్సున వెలువడిన స్త్రీ ఆమె. ఆమె మాటలవలన తెలియునది, మురాదు ఆరోగ్యము చెరలో క్రమముగా కుదుటపడెననియు, పియానో వాయించుచు, స్వరములు వ్రాయుచు, పిల్లలకు చదువు చెప్పుచు కాలము గడపెననియు. రాజ్యమున్నంతకాలము లేని స్వస్థత రాజ్యము పోయిన పిమ్మట వచ్చెను. అది షెవ్‌కెఫ్జాకు ఊరటయో, మరింత శోకమో? కొడుకు బాగుగానున్నాడు గనుక మరల సింహాసనము ఎక్కింపవచ్చునన్న ఆశ ఆమెలో రగిలినది. బయటివారితో రహస్యముగా కబుర్లు నడపినదని చెప్పుదురు.

1878 మే 20న అలీ సువావీ అను రచయిత, యుద్ధమున నిరాశ్రయులైన కాందిశీకులను వెంటబెట్టుకొని మురాదును విడిపించుటకు చిరాగానులో చొరబడెను. పనియు దాదాపు నెరవేరెను. అంతలో బెషిక్తాష్ రక్షకాధికారి వచ్చి దుడ్డుకఱ్ఱతో సువావీ తలపై కొట్టగా అతడచ్చటనే కూలెను. అనుచరులలో చాలమంది చచ్చిరి. అటుపిమ్మట కావలి మరింత బిగిసెను. అదే యేట మరియొక కుట్రయు బయటపడెను. ఆ తరువాత ఆశకు తావు లేకపోయెను.

1889 సెప్టెంబరులో షెవ్‌కెఫ్జా చిరాగానులోనే మరణించెను. 13 ఏండ్ల చెర. ఆమెను ఇస్తాంబూలులోని కొత్త మసీదు ఆవరణలో సమాధి చేసిరి. బ్రతికియుండగా దాటలేని ద్వారమును అట్లు దాటెను. కొడుకు మురాదు 1904 ఆగస్టు 29న అదే యింట మరణించెను. ఆ పిమ్మటనే మిగిలినవారికి తలుపు తెరచిరి.

ఆమె పోవుటకు రెండేండ్ల ముందు, 1887లో, ఆ చెరలోనే మురాదు కొడుకు సలాహుద్దీనునకు ఒక కూతురు పుట్టెను. పేరు ఆదిలే. షెవ్‌కెఫ్జాకు మునిమనుమరాలు. పుట్టుకతోనే రాచకన్య, పుట్టుకతోనే ఖైదీ. ఆదిలే పేరును గుర్తుంచుకొనవలెను.

అంతఃపురమను ఆ కచేరి ఎట్లు మూతబడినదో క్లుప్తముగా చెప్పుదును అనుటకంటె, ఒక్క దృశ్యము చాలును. 1909లో అబ్దుల్ హమీదును దించిన పిమ్మట అతని యిల్దిజ్ మందిరమునుండి స్త్రీలను తోప్‌కాపీ కోటకు చేర్చి, వారి బంధువులు వచ్చి తీసుకొనిపోవచ్చునని సర్కేషియా పల్లెలకు కబురంపిరి. దాని వివరమును ఒక ఐరోపా విలేఖరి వ్రాసెను. మోటు దుస్తుల కొండవాండ్రు ఒక వైపు, పట్టు వస్త్రముల స్త్రీలు ఒక వైపు. మొగము చూచి పోల్చుకొన్న తండ్రులు, అన్నలు కన్నీరు మున్నీరైరి. తండ్రి గడిలో అబ్దుల్లా యని వ్రాసియున్న స్త్రీకి, నిజముగా ఒక తండ్రి ఎదురుగా నిలుచుటయన సామాన్యమా! అయితే అందరికిని వారు రాలేదు. ఎవరును రాక, ఆ గోడలలోనికే తిరిగి పోయినవారు ఉండిరి.

1924 మార్చి 3న తురుష్క శాసనసభ ఖిలాఫతును రద్దు చేసి రాజవంశమునంతను దేశమునుండి వెడలగొట్టెను. చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీదు, అబ్దుల్ అజీజు కొడుకు, కుటుంబముతో ఫ్రాన్సులోని నీస్ నగరము చేరెను. ఆయన మంచి చిత్రకారుడు. ఐరోపావారు గీచిన అంతఃపుర చిత్రములకు జవాబుగానో యేమో, తన ఇల్లాండ్రను తానే చిత్రించెను. ఆయన భార్య షెహ్‌సువారు సర్కేషియా వంశజురాలు. ఒక చిత్రమున స్త్రీ గేథే కావ్యము చేత పట్టుకొని యుండును. 1915 నాటి మరియొక చిత్రమున ఆ షెహ్‌సువారు వయొలిను వాయించుచు బెతోవెను సంగీతమున లీనమై యుండును. కొలనులు లేవు, దిండ్లు లేవు. ఇంటి యజమాని గీచిన అంతఃపురమది.

నీస్‌లో ఆయన చేతిలో పైకము లేదు. షౌకత్ అలీ ప్రోద్బలమున హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ నెలకు 300 పౌండ్లు పంపసాగెను. ఆ సంబంధమే వియ్యముగా మారెను. 1931 నవంబరు 12న నీస్‌లో రెండు వివాహములు ఒకేసారి జరిగెను. ఖలీఫా కుమార్తె దుర్రెషెహ్వారును నిజాము పెద్దకొడుకు ఆజమ్ జాకు ఇచ్చిరి. ఆ పేరునకు రాజయోగ్యమైన ముత్యమని అర్థము. ఈమె తల్లి మెహిస్తియు కాకసస్ మూలముల కుటుంబపు స్త్రీయే. రెండవ కొడుకు మువజ్జమ్ జాకు, చిరాగాన్ చెరలో పుట్టిన ఆ ఆదిలే కూతురు నిచ్చిరి. వయస్సు 15 ఏండ్లు. పేరు నీలోఫర్.

షెవ్‌కెఫ్జా ఈ నీలోఫర్ మాతామహునకు నాయనమ్మ. నీలోఫర్ అను పారశీక పదము మన నీలోత్పలమునుండి పోయినదే. పోయిన మాట మనుష్యరూపమున తిరిగి దక్కను చేరినదన్నమాట.

వారు డిసెంబరులో ఓడనెక్కి బొంబాయికి వచ్చిరి. లండను రౌండ్ టేబుల్ సమావేశమునుండి మరలుచున్న గాంధీ మహాత్ముడును ఆ పిల్స్నా ఓడలోనే ప్రయాణించెను. హైదరాబాదున నీలోఫర్ ఘోషా పాటింపలేదు. చీర కట్టుట నేర్చెను. సభలకు, ఆసుపత్రులకు వెళ్లుచుండెను. ఆమె అందమును గూర్చి పత్రికలు వ్రాసిన వ్రాతలకు అంతు లేదు. నాడు ఇస్తాంబూలు దళారులు చూచినదియు అదియే గనుక ఆ ప్రశంసలు ఇచ్చట వల్లింప పని లేదు.

ఆమెకు బిడ్డలు కలుగలేదు. ఐరోపా వైద్యులకు చూపించుకొనెను, ఫలము లేకపోయెను. తోడికోడలికి 1933లో ఒక కొడుకు, 1939లో ఒక కొడుకు. 1948లో మువజ్జమ్ జా మరియొక వివాహము చేసికొనెను. 1952లో విడాకులయ్యెను. షెవ్‌కెఫ్జా కాలమున కొడుకు లేని భార్యను ఎట్లు లెక్కించిరో, హైదరాబాదు కోటలోను దాదాపు అట్లే లెక్కించిరి. భేదమేమనగా, ఈమెకు తల్లి యుండెను, పేరుండెను, వెళ్లుటకు ద్వారము తెరచియుండెను. ఆమె ఫ్రాన్సునకు పోయి తల్లి చెంత చేరెను.

వెళ్లకముందు ఒక సంగతి జరిగినది. ఆమెకు ప్రియమైన పరిచారిక ఒకతె ప్రసవ సమయమున తగిన వైద్యము అందక మరణించెను. అంతఃపురములలో దాసీల ప్రసవములు, మరణములు ఎన్ని గడచిపోలేదు? వానిని వ్రాసిన పుటయే లేదు. నీలోఫర్ మాత్రము దానిని గడచిపోనీయలేదు. స్త్రీలకు, శిశువులకు ప్రత్యేకముగా ఆసుపత్రి కావలెనని మామగారైన నిజామును పట్టుబట్టెననియు, ఇక ఏ తల్లియు ఇట్లు పోరాదని ఆమె కోరెననియు చెప్పుదురు. ఆ ఆసుపత్రి 1953లో హైదరాబాదు రెడ్ హిల్స్‌లో వెలసెను. అప్పటికి ఆమె నిజాము కోడలు కాదు. పేరు మాత్రము ఆమెదే ఉంచిరి. ఆమె పూర్వీకుడైన మొదటి అబ్దుల్ మజీదు తల్లి బెజ్మియాలెమ్, తానును దాసిగా వచ్చి రాజమాత యైన స్త్రీ, 1840 ప్రాంతపు దశకమున ఇస్తాంబూలులో దిక్కులేని రోగులకై ఆసుపత్రి కట్టించెను. అది ఆమె రాజ్యాధికారమున నుండగా చేసిన దానము. నీలోఫర్‌కు ఆ పాటి అధికారమును లేదు.

నీలోఫర్ 1963లో ఒక అమెరికా దేశస్థుని వివాహమాడి, 1989 జూన్ 12న పారిసులో మరణించెను. అక్కడికి చేరువనున్న బోబిన్యీ శ్మశానమున, పదేండ్ల క్రిందట గతించిన తల్లి ఆదిలే యున్నచోటనే ఆమెను సమాధి చేసిరి.

మక్తల్ నుండి రెడ్ హిల్స్‌కు సుమారు 100 మైళ్లు. పాలమూరు పెద్దాసుపత్రిలో చేతులెత్తిన బిడ్డను ఒడిలో వేసికొని రాత్రి బస్సుననో, అంబులెన్సుననో పోవు తల్లులు, "యాడికి పోతున్నరమ్మా" అని అడిగిన, "నీలోఫరుకు" అందురు. అది ఒక స్త్రీ పేరని వారిలో చాలమందికి తెలియదు.